పశువైద్య సహాయకుల ప్రాథమిక శిక్షణ: పట్టుకోవడం ముందా, గమనించడం ముందా?

వసుధ_శిక్షణ (శిక్షకురాలు)

సభ్యులందరికీ నమస్కారం. పశువైద్యశాలల్లో సహాయకులుగా చేరబోయేవారి ప్రాథమిక శిక్షణ పాఠ్యక్రమాన్ని మేము తిరగరాస్తున్నాం. ఇప్పుడున్న క్రమంలో మొదటి పాఠమే జంతువును పట్టుకోవడం. కుక్క మూతికి చిక్కం ఎలా వేయాలి, పిల్లిని తువ్వాలులో ఎలా చుట్టాలి, ఆవు తలను ఎలా అదుపులో ఉంచాలి అన్నవి ఒకసారి చూపించి వెంటనే విద్యార్థుల చేత చేయిస్తున్నారు. ఈ క్రమాన్ని తలకిందులు చేసి, కొంతకాలం పాటు జంతువును తాకకుండా కేవలం గమనించి, గమనించినది కాగితం మీద పెట్టడం నేర్పాలని, ఆ తర్వాతే చేయి వేయనివ్వాలని నా ప్రతిపాదన. చేయి ఎంత నేర్పుగలదైనా ఎదుట ఉన్న కుక్క భయపడుతోందా, నొప్పితో ఉందా, అలసిపోయిందా అన్నది తెలియని మనిషి పట్టు ప్రమాదకరమే అవుతుంది.

దీనికి సహోద్యోగుల నుంచి రెండు అభ్యంతరాలు వచ్చాయి. ఒకటి, విద్యార్థులకు విసుగు పుడుతుంది. రెండు, ఆసుపత్రిలో చేరిన రోజునే వైద్యులు "వచ్చి పట్టుకో" అంటారు గనుక అది రాని సహాయకుడు ఎవరికీ పనికిరాడు. పట్టుకోవడానికి ముందు ఏమేమి రావాలి, అవి వచ్చాయని ఎలా పరీక్షించాలి అన్న విషయాలపై మీ అనుభవం చెప్పగలరు.

గిట్టలచప్పుడు (పెద్ద పశువుల వైద్యశాల)

వసుధ గారూ, మీ ప్రతిపాదన కుక్కలు, పిల్లుల వైద్యశాలకు సరిపోతుంది కానీ పెద్ద పశువుల దగ్గర ఉన్నది ఉన్నట్టుగా నప్పదు. ఐదారు వందల కిలోల ఆవు పక్కకు ఒక్క అడుగు వేస్తే చాలు, దానికీ గోడకూ మధ్య ఉన్న మనిషి పక్కటెముకలు విరుగుతాయి. విద్యార్థి గమనిస్తూ నిలబడిన చోటే అపాయకరమైనదైతే, గమనించడం నేర్చుకునేలోపే అనర్థం జరిగిపోతుంది. అందువల్ల ఎక్కడ నిలబడాలి అన్నది అన్నిటికంటే ముందు రావాలి.

ఆవుకు తల తిప్పకుండానే చుట్టూ మూడు వందల డిగ్రీలకు పైగా కనిపిస్తుంది. కనపడని చోటు సరిగ్గా దాని తోక వెనుక. అక్కడి నుంచి చప్పుడు లేకుండా వచ్చే మనిషిని అది శత్రువుగానే తీసుకుంటుంది. గుర్రం నేరుగా వెనక్కి తన్నుతుంది, ఆవు మాత్రం కాలును ముందుకు తెచ్చి పక్కగా విసురుతూ వెనక్కి తిప్పుతుంది. కాబట్టి గుర్రం విషయంలో నేర్చుకున్న జాగ్రత్తనే ఆవు దగ్గర పాటిస్తే, తొడ పక్కన నిలబడి తన్ను తినవలసి వస్తుంది. ప్రతి పశువుకూ తన చుట్టూ కొంత హద్దు ఉంటుంది, మనిషి ఆ హద్దు దాటితే అది కదులుతుంది, హద్దు అంచున నిలిస్తే తల ఎత్తి చూస్తుంది. భుజానికి వెనుక వైపు నుంచి హద్దులోకి అడుగుపెడితే ముందుకు నడుస్తుంది, భుజానికి ముందు వైపు నుంచి పెడితే వెనక్కి తగ్గుతుంది. ఈ ఒక్క విషయం తెలిసినవాడు కర్ర లేకుండానే పశువును ట్రెవిస్‌లోకి, అంటే చికిత్స కోసం పశువును కదలకుండా నిలబెట్టే చట్రంలోకి తోలగలడు.

పలుపు విషయం కూడా మొదటి రోజే చెప్పాలి. పట్టు జారుతుందేమోనన్న భయంతో కొత్తవారు తాడును అరచేతికి ఒక చుట్టు వేసుకుంటారు. పశువు ఒక్కసారి బెదిరితే ఆ చుట్టు బిగుసుకుని వేళ్లను నలిపేస్తుంది. తాడును మడతలుగా వేసి మడతల మధ్యన పట్టుకోవాలి. కట్టేటప్పుడు కొస లాగగానే ఊడిపోయే ముడి మాత్రమే వేయాలి.

మూడోవార్డు (సీనియర్ సహాయకురాలు, చిన్న జంతువుల విభాగం)

నేను వసుధ గారి పక్షాన ఉన్నాను, అయితే గమనించడం అనే మాటను విడమరచి చెప్పకపోతే విద్యార్థి బోను ముందు ఊరికే నిలబడి వస్తాడు. కుక్క విషయంలో ఏం చూడాలో కచ్చితంగా చెప్పాలి. తోక ఊపుతున్న కుక్క స్నేహంగా ఉందనుకోవడం కొత్తవారిలో అతి సాధారణమైన పొరపాటు. శరీరమంతా మెత్తగా ఊగుతూ తోక ఊగితే అది వేరు, ఒళ్లు కర్రలా బిగిసి ఉండగా తోక కొన మాత్రం నిటారుగా నిలిచి వడివడిగా కదిలితే అది వేరు. తినడానికేమీ లేకుండానే పెదవులు నాక్కోవడం, నిద్ర వేళ కాకపోయినా ఆవులించడం, తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు నెలవంకలా కనిపించేలా ఓరగా చూడటం, ఇవన్నీ గుర్రుమనడానికి ముందు వచ్చే సంకేతాలు. గుర్రుమన్నందుకు కుక్కను అదిలించకూడదని కూడా నేర్పాలి, ఎందుకంటే ఆ హెచ్చరికను మాన్పిస్తే తర్వాత హెచ్చరిక లేకుండానే కరుస్తుంది.

బోను తలుపు తెరవడం మా దగ్గర ఒక పూర్తి పాఠం. కుక్కకు ఎదురుగా కాక పక్కకు తిరిగి, దాని కళ్లలోకి చూడకుండా కింద కూర్చోవాలి. తలుపును చెయ్యి పట్టేటంత మాత్రమే తెరిచి, మోకాలితో ఆ సందును ఆపుకుంటూ, జారుముడి పట్టీని ముందే పెద్ద వలయంగా చేసి తల దూరే ఎత్తులో ఉంచాలి. కుక్క తనంతట తానే ముందుకు వచ్చి తల దూర్చితే ఆ పట్టీ వేయడానికి బలం ఏమీ అక్కరలేదు. మూలకు ఒదిగి ముడుచుకుని కూర్చున్న కుక్క వైపు చేయి చాచడం మాత్రం విద్యార్థికి ఎన్నడూ అప్పగించకూడదు.

కొత్తఏప్రాన్ (శిక్షణార్థి)

నేను ప్రస్తుతం శిక్షణలోనే ఉన్నాను. పెద్దలు చెప్పినవన్నీ సబబుగానే ఉన్నాయి, కానీ వైద్యులు రక్తం తీయడానికి సూది పట్టుకుని ఎదురుచూస్తున్నప్పుడు మాకు వినిపించేది "గట్టిగా పట్టుకో" అన్న ఒక్క మాటే. ఎక్కడ గట్టిగా, ఎంత గట్టిగా అన్నది ఎవరూ చెప్పరు. పిల్లి విషయంలో అయితే కొందరు మెడ మీది చర్మం పట్టుకుని ఎత్తమంటారు, కొందరు అది తప్పంటారు. ఏది సరైనదో దయచేసి చెప్పండి.

పాతపద్ధతి (వృత్తిలో దీర్ఘకాల అనుభవం)

ఇంత చర్చ అవసరం లేదని నా భావన. జంతువుకు మనిషి అంటే కొంత భయం ఉండాలి. సహాయకుడు వెనుకాడితే జంతువు ఆ సంగతి ఇట్టే పసిగడుతుంది. మెడ చర్మం పట్టుకుంటే పిల్లి కదలదు, తల్లి పిల్లి పిల్లలను మోసేదీ అలాగే కదా. మొదట పట్టు నేర్పండి, తక్కినవి పనిలో వాటంతట అవే వస్తాయి.

స్టెతస్కోపు (పశువైద్యుడు)

పాతపద్ధతి గారి మాటలో ఒక సత్యం ఉంది: వెనుకాడే చేయి జంతువును మరింత కలవరపెడుతుంది. అయితే తడబాటు లేకపోవడం వేరు, భయపెట్టడం వేరు. తల్లి పిల్లి కూనలను మోసేది అవి కొన్ని వారాల వయసులో ఉన్నప్పుడే. నాలుగైదు కిలోల పిల్లి బరువంతా మెడ చర్మం మీద వేలాడితే దానికి నొప్పి కలుగుతుంది, కదలకుండా ఉండటం ప్రశాంతతకు గుర్తు కూడా కాదు, భయంతో బిగుసుకుపోయిన జంతువు కూడా కదలదు. స్విట్జర్లాండుకు చెందిన జంతుశాస్త్రవేత్త హైనీ హెడిగర్ జంతువులు పారిపోయే దూరాన్ని గురించి వివరించినదీ, గిట్టలచప్పుడు గారు పైన చెప్పిన పశువుల హద్దును అమెరికాకు చెందిన టెంపుల్ గ్రాండిన్ పశువులను తోలే బాటల నిర్మాణానికి అన్వయించినదీ ఈ అవగాహనతోనే. నేల మీద పడ్డ నీడ, వేలాడే గొలుసు, నీటి మడుగు మీద మెరుపు వంటివి చూసి పశువు ఆగిపోతే కొట్టి తోలడం కాదు, ఆ గొలుసును తీసివేయడం పరిష్కారమని ఆమె చూపించారు. బ్రిటన్‌లో పెంపకపు పశువుల సంక్షేమంపై 1965లో బ్రాంబెల్ కమిటీ ఇచ్చిన నివేదిక ఆధారంగా 1979లో రూపుదిద్దుకున్న ఐదు స్వేచ్ఛల సూత్రం కూడా భయం నుంచి, బాధ నుంచి విముక్తిని జంతు సంరక్షణలో భాగం చేసింది. శిక్షణలో వీటిని జాబితాగా కంఠస్థం చేయించడం కంటే, ఈ రోజు ఈ బోనులో ఉన్న జంతువుకు వీటిలో ఏది లోపించింది అని అడగడం మేలు.

కొత్తఏప్రాన్ గారి ప్రశ్నకు వస్తాను. ముందరి కాలి నరం నుంచి కుక్క రక్తం తీసేటప్పుడు సహాయకుడు చేయవలసింది రెండు చేతులతో రెండు వేర్వేరు పనులు. ఒక చేయి కుక్క మెడ కింది నుంచి చుట్టి తలను తన భుజానికి ఆనించుకుంటుంది, అందువల్ల మూతి వైద్యుడి ముఖానికీ చేతికీ దూరంగా ఉంటుంది. రెండో చేయి మోచేయి వెనుక నుంచి కాలిని ముందుకు చాపి, బొటనవేలిని మోచేతి వంపు పైన నొక్కి కొద్దిగా బయటి వైపుకు తిప్పుతుంది. అలా తిప్పినప్పుడు నరం ఉబ్బుతుంది, చర్మం కింద అటూ ఇటూ జారకుండా నిలుస్తుంది. సూది లోపలికి వెళ్లి రక్తం కనిపించాక, మందు ఎక్కించవలసి ఉంటే వైద్యుడు చెప్పగానే బొటనవేలు ఎత్తాలి, కాలిని మాత్రం వదలకూడదు. సూది తీశాక అదే బొటనవేలితో ఆ చోటును ఒత్తి ఉంచాలి. ఇందులో బలం ఉపయోగించేది మోచేయిని వెనక్కి లాక్కోకుండా ఆపడానికి మాత్రమే, మెడ మీద కాదు.

పిల్లికి మందపాటి తువ్వాలు చాలా వరకు సరిపోతుంది. మెడ చుట్టూ వదులు లేకుండా, గొంతు నొక్కుకోకుండా చుట్టి, అవసరమైన ఒక్క కాలిని మాత్రం బయటకు తీయాలి. మూత తీసే వీలున్న పెట్టె అయితే పిల్లిని అడుగు భాగంలోనే ఉంచి పరీక్షించవచ్చు, బయటకు లాగనక్కరలేదు. పిల్లి పెనుగులాట పెరుగుతూ పోతుంటే పట్టు బిగించడం కాదు, ఆపి "డాక్టర్ గారూ, ఇక ఆగుదాం" అనడం సహాయకుడి విధి. మత్తు ఇవ్వాలా, మరో రోజుకు వాయిదా వేయాలా అన్నది వైద్యుడి నిర్ణయం, కానీ ఆ నిర్ణయానికి అవసరమైన మాట ముందుగా చెప్పగలిగేది జంతువును పట్టుకున్న మనిషే.

మూడోవార్డు

కుందేళ్ల గురించీ పక్షుల గురించీ ఒక మాట చేర్చండి, ఎందుకంటే కుక్కను పట్టినట్టే వాటిని పట్టేవారు ఉన్నారు. కుందేలు వెనుక కాళ్లు చాలా బలమైనవి, వెన్నెముక ఆ బలానికి తగినంత గట్టిది కాదు. పిరుదుల కింద చేయి ఆనకుండా ఎత్తితే అది ఒక్క తన్నుకే తన నడుము ఎముకను తానే విరుచుకోగలదు. చెవులు పట్టుకుని ఎత్తడం ఊహలోకి కూడా రానివ్వకూడదు. పక్షికి మనలా ఊపిరితిత్తుల కింద కండరపు పొర ఉండదు, రొమ్ము ఎముక ముందుకూ వెనక్కీ కదిలితేనే శ్వాస ఆడుతుంది. రొమ్మును గుప్పిట్లో బిగించి పట్టుకుంటే ముక్కు తెరిచి ఉన్నా ఊపిరి ఆడక చనిపోతుంది.

నిదానం (శరీరధర్మశాస్త్ర బోధకుడు)

గమనించడంలో కొలవడం కూడా భాగమే గనుక ఆ సంగతి వివరిస్తాను. వరుస చాలా ముఖ్యం: శ్వాస ముందు, నాడి తర్వాత, ఉష్ణోగ్రత చివర. థర్మామీటరు పెట్టాక ఏ జంతువు శ్వాసా, నాడీ మామూలుగా ఉండవు. శ్వాసను దూరం నుంచి, జంతువు మనల్ని పట్టించుకోకముందే, డొక్క లేదా రొమ్ము పైకి లేచే సారి లెక్కించి తీసుకోవాలి. విశ్రాంతిలో ఉన్న కుక్కకు నిమిషానికి సుమారు 10 నుంచి 30, గుర్రానికి 8 నుంచి 16 సార్లు ఉంటుంది. నిద్రపోతున్న కుక్కలో గానీ పిల్లిలో గానీ శ్వాస నిమిషానికి 30 దాటుతూ ఉంటే అది వెంటనే వైద్యుడికి చెప్పవలసిన విషయం.

నాడిని కుక్కకు, పిల్లికి తొడ లోపలి వైపున, గుర్రానికి దవడ ఎముక కింది అంచున, ఆవుకు తోక అడుగు భాగంలో చూడాలి. బొటనవేలితో చూడకూడదు, ఎందుకంటే ఆ వేలిలో మన సొంత నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. కుక్కకు పరిమాణాన్ని బట్టి సుమారు 60 నుంచి 140, వైద్యశాలలో ఉన్న పిల్లికి 140 నుంచి 220, ఆవుకు 48 నుంచి 84, గుర్రానికి 28 నుంచి 44 ఉండవచ్చు. ఉష్ణోగ్రత కుక్కకు, పిల్లికి, ఆవుకు సుమారు 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్, గుర్రానికి కొంత తక్కువగా 37.5 నుంచి 38.5 డిగ్రీలు. మనిషికి జ్వరమనిపించే 38.5 డిగ్రీలు కుక్కకు ఆరోగ్యమే. ముక్కు పొడిగా ఉంటే జ్వరం అన్న నమ్మకాన్ని మొదటి తరగతిలోనే వదిలించాలి, నిద్ర లేచిన కుక్క ముక్కు పొడిగానే ఉంటుంది.

థర్మామీటరు కొనకు జారుడు పదార్థం రాసి, మలద్వారంలోకి మెల్లగా తిప్పుతూ పెట్టి, కొనను పక్క గోడకు ఆనించాలి. పేడ ముద్ద మధ్యలో గుచ్చుకుంటే తప్పుడు అంకె వస్తుంది. పెద్ద పశువు విషయంలో థర్మామీటరుకు దారం కట్టి క్లిప్పుతో తోక వెంట్రుకలకు తగిలించడం మరవకూడదు. చివరగా పై పెదవిని ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలాలి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు గులాబీ రంగుకు రావాలి.

కొత్తఏప్రాన్

అంకె హద్దు దాటినప్పుడు నేను ఏం రాయాలి? "జ్వరం" అని రాస్తే అది రోగ నిర్ధారణ అవుతుందని ఒకసారి హెచ్చరించారు.

స్టెతస్కోపు

చూసినది రాయండి, దాని పేరు రాయకండి. "జ్వరం" అనే బదులు "39.9 డిగ్రీలు, ఉదయం 9 గంటలకు, ప్రయాణం ముగిసిన వెంటనే తీసినది" అని రాస్తే నాకు పది రెట్లు ఉపయోగం. "నీరసంగా ఉంది" అనే బదులు "పేరు పిలిస్తే కళ్లు తిప్పింది, తల ఎత్తలేదు" అని రాయండి. వాంతి అయితే అందులో ఆహారం ఉందా, పసుపు నీరు ఉందా, తిన్న ఎంతసేపటికి అయింది అన్నవి రాయండి.

అయితే కొన్ని విషయాలలో రాయడం ఆగవచ్చు, చెప్పడం ఆగకూడదు. మూత్రం కోసం పదేపదే కూర్చుని ఒక్క చుక్కా రాని మగ పిల్లి, దాని యజమాని "మలబద్ధకం అనుకుంటా" అని ఫోనులో చెప్పినా సరే, వెంటనే రావలసినదే. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. వాంతి రాకుండా ఒట్టిగా ఓకరిస్తూ పొట్ట ఉబ్బుతున్న పెద్ద జాతి కుక్క, నోరు తెరిచి రొప్పుతున్న పిల్లి, చిగుళ్లు పాలిపోయిన ఏ జంతువైనా వరుసలో వేచి ఉండకూడదు. రోగం ఏమిటో చెప్పడం సహాయకుడి పని కాదు. ఎవరిని ముందుగా లోపలికి పంపాలో గుర్తించడం మాత్రం ఆయన పనే.

గిట్టలచప్పుడు

ఆవుల విషయంలో ఎడమ డొక్కను దీనికి చేర్చండి. చివరి పక్కటెముక వెనుక ఉండే గుంటలో పిడికిలి ఆనించి ఉంచితే పెద్దపొట్ట కదలిక అలలా చేతిని బయటకు నెడుతుంది, సాధారణంగా నిమిషానికి ఒకటి రెండు సార్లు. ఆ గుంట పూడిపోయి వెన్ను కంటే ఎత్తుగా పొంగి, వేలితో తడితే డోలులా మోగితే ఉబ్బరం ప్రమాద స్థాయికి చేరినట్టే. పశువును పడుకోబెట్టవలసి వచ్చినప్పుడు కూడా ఇదే కారణంగా పక్కకు వాల్చి ఎక్కువసేపు ఉంచకూడదు. నెమరువేసే జంతువు గాలి త్రేన్పు ద్వారా బయటకు పోవాలి, పక్కకు పడి ఉన్నప్పుడు అది పోలేదు. పని ముగియగానే రొమ్ము మీద కూర్చుండబెట్టి, ఒరిగిపోకుండా భుజానికి గడ్డి మోపు ఆనించాలి.

మూడోవార్డు

ఇప్పటివరకు ఎవరూ మాట్లాడని విషయం శుభ్రత. దాన్ని చాలాచోట్ల కొత్తవారికి వేసే శిక్షలా చూస్తారు, అందుకే సరిగ్గా నేర్పరు. నా లెక్కలో అది పట్టుకోవడం కంటే కష్టమైన విద్య. మలం, రక్తం, వెంట్రుకలు ఉన్న బోను మీద క్రిమిసంహారకం చల్లడం వల్ల ప్రయోజనం లేదు, ఆ మురికే మందు శక్తిని హరిస్తుంది. ముందు మురికి తీసి, సబ్బు నీటితో రుద్ది, కడిగి, నీరు ఓడ్చి, ఆ తర్వాతే మందు వేయాలి. వేసిన మందు తడి ఆరకుండా నిర్ణీత సమయం నిలవాలి, వేసిన వెంటనే తుడిచేస్తే అది సువాసనకు తప్ప దేనికీ పనికిరాదు. కుక్కలకు వచ్చే పార్వో వైరస్ మామూలు ఫ్లోర్ క్లీనర్లకు లొంగదు. సుమారు 5 శాతం బ్లీచు ద్రావణాన్ని ఒక పాలుకు 32 పాళ్ల నీటిలో, ఏ రోజుది ఆ రోజు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచాలి. బ్లీచును ఆమ్లంతో గానీ, అమోనియా ఉండే మూత్రపు మడుగులతో గానీ కలవనిస్తే విషవాయువు పుడుతుంది. ఫినాయిల్ జాతి మందులు పిల్లులకు హానికరం, కడిగిన నేల మీద నడిచి పాదాలు నాక్కున్నా విషమెక్కుతుంది.

బోనులు శుభ్రం చేసే వరుస కూడా ఒక పద్ధతి ప్రకారం ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న కూనల బోనులు మొదట, అంటురోగుల గది చివర. ఆ గది ఏప్రాను, చీపురు, బకెట్టు ఆ గది దాటి రాకూడదు.

రక్షణకవచం (ఆరోగ్య భద్రతా బాధ్యురాలు)

జంతువు నుంచి మనిషిని కాపాడే పాఠం ఇక్కడ ఇంకా రాలేదు. కుక్క గానీ పిల్లి గానీ కరిస్తే, గీరితే, మొదటి పని నీటి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాల పాటు గాయాన్ని కడగడం. ఆ పదిహేను నిమిషాలు గడియారం చూసి లెక్కించాలి. ఆ వెంటనే మనుషుల వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికినవారు అత్యంత అరుదు గనుక, ఈ వృత్తిలోకి వచ్చేవారికి జంతువును తాకకముందే రేబిస్ నిరోధక టీకాలు పూర్తి కావాలి. ఈ ఒక్క కారణం చేత కూడా వసుధ గారి క్రమం నాకు నచ్చింది: గమనించే దశ ముగిసేసరికి టీకాలు కూడా పూర్తవుతాయి. పిల్లి కాటు గాయం పైకి సూది పోటులా చిన్నదిగా కనిపించినా లోతుగా దిగుతుంది, కొన్ని గంటల్లోనే చీము పట్టవచ్చు. వేలి కీలు దగ్గర కరిస్తే అసలు ఉపేక్షించకూడదు.

ఈసుకుపోయిన (గర్భం జారిన) పశువు మాయను, పిండాన్ని చేతి తొడుగులు లేకుండా ముట్టుకుంటే బ్రుసెల్లోసిస్ అనే అంటురోగం వచ్చే అవకాశం ఉంది. కుక్కల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే మరో రోగం అంటవచ్చు. పిల్లి మలంలో ఉండే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఒకటి నుంచి ఐదు రోజుల తర్వాతే అంటే స్థితికి వస్తుంది కాబట్టి మలపు తొట్టెను ప్రతిరోజూ శుభ్రం చేయాలి, గర్భిణులకు ఆ పని అప్పగించకూడదు. పశువుల ఎద నియంత్రణకు వాడే ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్లు చర్మం గుండా కూడా ఒంట్లోకి ఇంకుతాయి గనుక గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు వాటిని ముట్టుకోకూడదు. పశువుల మందు టిల్మికోసిన్ పొరపాటున మనిషికి గుచ్చుకుని మరణాలు సంభవించాయి. వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టే అలవాటును మొగ్గలోనే తుంచాలి. సూది, సిరంజితో సహా, నేరుగా గట్టి డబ్బాలోకి వెళ్లాలి.

ఎక్స్-రే గదిలో జంతువును పట్టుకోవడానికి కొత్తవారిని పిలవడం చూస్తుంటాను. సీసపు తొడుగులు చెదిరిన కిరణాలను మాత్రమే ఆపుతాయి, నేరుగా వచ్చే కిరణాన్ని పూర్తిగా ఆపవు. చేయి ఫిల్ములో కనపడిందంటే అది పొరపాటే. పద్దెనిమిదేళ్లు నిండనివారు, గర్భిణులు ఆ గదిలో ఉండకూడదు.

నిదానం

మందుల లెక్క కూడా ఈ దశలోనే మొదలుపెట్టండి. మందు నిర్ణయించేది వైద్యుడే, అయినా సిరంజిలోకి ఎత్తేటప్పుడు పక్కన నిలబడిన సహాయకుడికి లెక్క వస్తే ఒక ప్రమాదం తప్పుతుంది. 12 కిలోల కుక్కకు కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున 60 మిల్లీగ్రాములు, మందు మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు ఉంటే ఎత్తవలసింది 1.2 మిల్లీలీటర్లు. దశాంశ బిందువు జారితే అది 12 అవుతుంది. "ఇంత చిన్న కుక్కకు ఇంత పెద్ద సిరంజా?" అని అడిగే ధైర్యాన్ని కూడా నేర్పాలి. ఇన్సులిన్‌లో యు-40 (మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే) మందుకు యు-40 సిరంజి మాత్రమే వాడాలి. యు-100 మందును యు-40 సిరంజితో ఇస్తే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. పిల్లికి పారాసెటమాల్ ప్రాణాంతకం, కుక్కలకు వాడే పెర్మెత్రిన్ గోమారి మందు కూడా అంతే. ఈ రెండూ గోడ మీద రాసి ఉండాలి.

పాతపద్ధతి

మత్తు నుంచి తేరుకుంటున్న జంతువును ఎవరికి అప్పగిస్తారో కూడా చెప్పండి. కొత్తవారికి ఇచ్చే మొదటి పని సాధారణంగా అదే, "లేచేదాకా చూస్తూ ఉండు" అని.

స్టెతస్కోపు

మంచి ప్రశ్న వేశారు. దాన్ని తేలిక పని అనుకోవడం పెద్ద పొరపాటు. బ్రిటన్‌లో కుక్కలు, పిల్లుల మీద జరిగి 2008లో ప్రచురితమైన పెద్ద పరిశీలనలో, మత్తు ముగిశాక సంభవించిన మరణాల్లో సుమారు సగం మొదటి మూడు గంటల్లోనే జరిగినట్టు తేలింది. అంటే శస్త్రచికిత్స అయిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయే వేళలోనే. జంతువును రొమ్ము మీద ఉంచి మెడ చాపి, నాలుక బయటకు తీసి, చిగుళ్ల రంగు, శ్వాస, నాడి, ఉష్ణోగ్రత నిర్ణీత వ్యవధిలో రాస్తూ ఉండాలి. గొంతులోని గొట్టాన్ని కుక్క తనంతట తాను మింగడం మొదలుపెట్టాకే తీస్తాం, ముఖం నొక్కినట్టుండే జాతులకు ఇంకా ఆలస్యంగా. వెచ్చదనం కోసం వేడినీళ్ల సీసాను నేరుగా ఒంటికి ఆనిస్తే, మత్తులో ఉన్న జంతువు పక్కకు జరగలేదు గనుక చర్మం కాలిపోతుంది. కొలవడం, రాయడం రాని మనిషికి ఈ పని ఇవ్వలేం. అది వచ్చినవారికి, పట్టు ఇంకా కుదరకపోయినా, పర్యవేక్షణలో ఇవ్వవచ్చు.

పాతపద్ధతి

ఇది నాకు సమ్మతమే. పట్టు విషయంలో మాత్రం నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. గమనించే దశను మరీ సాగదీస్తే చేతికి ధైర్యం రావడం కూడా ఆలస్యమవుతుంది.

వసుధ_శిక్షణ

అందరికీ ధన్యవాదాలు. పెద్ద పశువుల విభాగంలో నిలబడే చోటు, తాడు, ముడి మొదటి రోజే నేర్పేటట్టు మార్చుకుంటాం. అక్కడ గిట్టలచప్పుడు గారి మాటే సరి. చిన్న జంతువుల విభాగంలో శుభ్రతతో మొదలుపెట్టి, బోను ముందు రాయడం, కొలవడం, ఆ తర్వాత బొమ్మ కుక్క మీద చిక్కం, తువ్వాలు, చివరికి నెమ్మదైన జంతువు మీద పట్టు అన్న వరుస ఉంచుతాం. పాతపద్ధతి గారు చెప్పిన ఆలస్యం నిజమే గనుక, బొమ్మ మీద అభ్యాసాన్ని గమనించే దశతో పాటే సాగిస్తాం. ఇక మిగిలింది పరీక్ష. ఒక విద్యార్థి చేయి వేయడానికి సిద్ధమయ్యాడని ఎలా తేల్చాలి?

మూడోవార్డు

మా దగ్గర అమలులో ఉన్న పద్ధతి ఇది. విద్యార్థిని మూడు బోనుల ముందు ఒక్కొక్కదాని దగ్గర మూడు నిమిషాలు నిలబెట్టి చూసినది రాయమంటాం. తర్వాత అదే జంతువును అనుభవజ్ఞుడు చూసి రాసినదానితో పోలుస్తాం. "కోపంగా ఉంది" వంటి మాటలకు మార్కులు ఉండవు, "చెవులు వెనక్కి, బరువు వెనుక కాళ్ల మీద, చూపు నా చేతి మీద" అంటే ఉంటాయి.

స్టెతస్కోపు

ఆ మూడింటిలో ఒకటి తప్పనిసరిగా పట్టుకోకూడని జంతువు అయి ఉండాలి, ఆ సంగతి విద్యార్థికి ముందుగా చెప్పకూడదు. కాగితం అడుగున "ఈ జంతువును నేను ఇప్పుడు పట్టుకుంటాను, పట్టుకోను, మరొకరిని పిలుస్తాను" అని మూడు గడులు పెట్టండి, ఎదురుగా కారణం రాయడానికి రెండు పంక్తులు వదలండి.

కొత్తఏప్రాన్

మూడో గడిని ఎంచుకున్నవారికి మార్కులు తగ్గవు కదా?

వసుధ_శిక్షణ

తగ్గవు. కారణం రాయకపోతేనే తగ్గుతాయి. నమూనా కాగితం సిద్ధం కాగానే ఇక్కడే ఉంచుతాను, గడుల వరుస చూసి సవరణలు చెప్పండి.